ఆరో నంబర్ ఫ్లై రాడ్‌కు ఏ లైన్ కొనాలి?

మామూలు గాలంలో సీసం గుండు ముందు పోతుంది, దారం దాని వెంట పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఇది తలకిందులు. ఈకలూ నూలూ చుట్టిన చిన్న కొక్కేన్ని ఫ్లై అంటారు. దానికి బరువే ఉండదు కాబట్టి లైనే దాన్ని మోసుకెళ్లాలి, రాడ్ వంగేదీ లైన్ బరువుకే. రాడ్ మీది నంబర్ దానికి సరిపడే లైన్ బరువును చెబుతుంది. తొమ్మిదడుగుల ఆరో నంబర్ రాడ్ ఒక్కదానితో కొలరాడోలో ట్రౌట్‌నీ, టెక్సస్ చెరువుల్లో బాస్‌నీ, అనుమతి తీసుకుని రామగంగలో ఓ మోస్తరు మహసీర్‌నీ పట్టాలనుకుంటే, చోటును బట్టి లైన్ మార్చుకుంటే సరిపోతుంది.

పెట్టె మీద డబ్ల్యూఎఫ్6ఎఫ్ అని ఉంటే, ముందు భాగం లావుగా బరువుగా ఉండే ఆరో నంబర్ తేలే లైన్ అని అర్థం. చివర ఎస్ ఉంటే మొత్తం మునుగుతుంది, ఐ ఉంటే నెమ్మదిగా మునుగుతుంది, ఎఫ్/ఎస్ అంటే కొస మాత్రమే మునుగుతుంది. డీటీ రకం రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఒక కొస అరిగితే తిప్పి వాడుకోవచ్చు, దగ్గరి దూరాలకు హాయిగా ఉంటుంది. కానీ దూరం విసరడానికీ, పెద్ద ఫ్లైలకూ డబ్ల్యూఎఫ్ మేలు. మొదటి లైన్‌గా అదే కొనండి.

అసలు తిరకాసు నంబర్‌లో ఉంది. ప్రమాణం ప్రకారం ఆరో నంబర్ లైన్ మొదటి 30 అడుగులు 160 గ్రెయిన్లు తూగాలి, అంటే సుమారు 10.4 గ్రాములు. 152 నుంచి 168 దాకా ఫర్వాలేదు. ఐదో నంబర్‌కు 140, ఏడో నంబర్‌కు 185. అయితే గట్టి రాడ్లు కూడా సులువుగా వంగాలని కొన్ని కంపెనీలు 6 అని రాసి దాదాపు ఏడో నంబర్ బరువు అమ్ముతాయి. గట్టి రాడ్‌కు, దగ్గరి విసుర్లకు అది మంచిదే. మెత్తటి రాడ్‌కు కడితే మాత్రం కొస ఊగిపోయి, విసిరిన లైన్ నీళ్ల మీద దబ్బున పడుతుంది, ట్రౌట్ బెదిరిపోతుంది. అందుకే పెట్టె మీద గ్రెయిన్లు చూడండి. రాయకపోతే, కొసన ఉండే అరడుగు సన్నని ముక్క వదిలి 30 అడుగులు కొలిచి, బంగారం తూచే చిన్న త్రాసు మీద చుట్టగా పెట్టండి. మిగతా లైన్ త్రాసును లాగకుండా పక్కన ఆనించాలి.

తర్వాత ఆకారం. ముందు సన్నబడే భాగం పొడుగ్గా ఉంటే పొడి ఫ్లై (నీటి మీద తేలే రకం) మెత్తగా వాలుతుంది, పొట్టిగా ఉంటే బాస్‌కు వాడే బొద్దు ఫ్లైని గాలికి ఎదురుగా కూడా తీసుకెళ్తుంది. ఏటి ప్రవాహంలో లైన్‌ను ఎత్తి సర్దుకోవాలంటే 45 అడుగుల తల (ముందున్న బరువైన భాగం) ఉన్నది తీసుకోండి. 30 అడుగుల పొట్టి తలతో ఆ పని కుదరదు, సన్నని వెనక లైన్ బరువైన ముందు భాగాన్ని కదిలించలేదు. రంగు గురించి మరీ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. తేలే లైన్ నారింజ రంగైనా, దానికీ ఫ్లైకీ మధ్యలో తొమ్మిదడుగుల లీడర్, అంటే కంటికి ఆనని సన్నని దారం, ఉంటుంది.

రెండో లైన్ కొనేముందు పది అడుగుల మునిగే లీడర్ ఒకటి ప్రయత్నించండి. నాలుగైదు అడుగుల లోతుకు చాలాసార్లు అదే చాలు. చెరువులో ఇంకా లోతుకు పోవాలంటే టైప్ 3 మునిగే లైన్ కావాలి. అది సెకనుకు సుమారు 3 అంగుళాలు దిగుతుంది. ఆరడుగులు దిగాలంటే 24 అంకెలు లెక్కపెట్టి లాగడం మొదలుపెట్టాలి. దీనికి లీడర్ నాలుగడుగులు మించకూడదు, పొడుగైతే లైన్ కిందా ఫ్లై పైనా ఉంటాయి. మళ్లీ విసిరేముందు తల భాగం రాడ్ కొస దాకా లాక్కుని, ఒక రోల్ కాస్ట్‌తో (లైన్‌ను వెనక్కి ఎత్తకుండా ముందుకు దొర్లించే విసురుతో) నీటి పైకి తెచ్చాకే వెనక్కి ఎత్తండి. లోతు నుంచి ఒక్కసారిగా పీకితే రాడ్ విరిగే ప్రమాదం ఉంది.

వాతావరణం కూడా చూసుకోవాలి. చల్లటి నీళ్ల కోసం చేసిన మెత్తటి లైన్ మే నెల ఎండలో జిగటగా మారి రాడ్ రింగులకు అతుక్కుంటుంది. ఉష్ణమండలం లైన్ మంచు నీళ్లలో స్ప్రింగులా చుట్టలు తిరుగుతుంది. దోమల మందులోని డీట్ పైపూతను కరిగిస్తుంది. రాసుకుంటే చేతులు కడుక్కున్నాకే లైన్ పట్టుకోండి.

రీల్‌కు ముందు 20 పౌండ్ల డాక్రాన్ బ్యాకింగ్ (లైన్ వెనక కట్టే సన్నని గట్టి దారం) వంద గజాల దాకా చుట్టండి. లైన్ అంతా ఎక్కాక రీల్ అంచుకూ చుట్టకూ మధ్య అర సెంటీమీటరు ఖాళీ మిగలాలి, మిగలకపోతే బ్యాకింగ్ తగ్గించండి. ‘ఈ కొస రీల్‌కు’ అన్న చీటీ ఉన్న వైపే బ్యాకింగ్‌కు కట్టాలి. కొత్త లైన్ పెట్టెలోని చక్రంలో పెన్సిల్ దూర్చి ఎవరినైనా పట్టుకోమని, అది తిరుగుతుండగా చుట్టుకోండి. పక్క నుంచి చుట్టలు చుట్టలుగా తీస్తే మెలికలు పడతాయి, ఆ మెలికలు నెలల తరబడి వదలవు. తేలే లైన్ కొస మునగడం మొదలైతే కొత్తది కొనకండి. గోరువెచ్చని సబ్బు నీళ్లతో తుడిచి, ఆరాక లైన్ డ్రెస్సింగ్ అనే లైన్ల పూత పూయండి. పగుళ్లు లేకపోతే మళ్లీ తేలుతుంది.