కారు లేకుండా బస్సూ, నడకా: ఎక్కడ తేడా కొడుతోంది?

పాసు తీసుకోవడం, రూట్ నంబరు చూసుకోవడం, ఎక్కడ దిగాలో కనుక్కోవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. అవన్నీ చేస్తున్నా బస్సుతో రోజు గడవట్లేదు అనేవాళ్ళ కోసం ఇది.

అన్నిటికన్నా ముందు ఒక్క పని చెయ్యండి. మీరు వెళ్ళే రోజున, వెళ్ళే గంటలో, మీ రూట్‌లో ఒక బస్సుకీ తర్వాతి బస్సుకీ మధ్య ఎన్ని నిమిషాల ఎడం ఉందో టైంటేబుల్ తెరిచి చూడండి. దీన్ని దాదాపు ఎవరూ చూడరు. మ్యాపులో గీత ఉంది కదా అని బయల్దేరిపోతారు. పావుగంటకో బస్సు నడిచే రూట్‌కీ, గంటకొకటి నడిచే రూట్‌కీ చాలా మ్యాపుల్లో గీత ఒకేలా ఉంటుంది. ఆదివారం, పండగ రోజు, స్కూలు సెలవుల్లో ట్రిప్పులు తగ్గుతాయి, ఆఖరి బస్సు టైము కూడా మారొచ్చు. సోమవారం టైంటేబుల్ పట్టుకుని ఆదివారం స్టాపులో నిలబడితే కింద రాసిందేదీ పనికిరాదు.

యాప్ 3 నిమిషాలంది, బస్సు రాలేదు

యాప్‌లో కనిపించే టైములు రెండు రకాలు. ఒకటి బస్సులోని జీపీఎస్ నుంచి లెక్కకట్టింది, రెండోది టైంటేబుల్ నుంచి ఎత్తి పెట్టింది. జీపీఎస్ అందనప్పుడు చాలా యాప్‌లు చడీచప్పుడూ లేకుండా రెండోదానికి మారిపోతాయి. రద్దయిన ట్రిప్పు కూడా 5, 4, 3 అంటూ దిగివచ్చి, సున్నా కాగానే మాయమవుతుంది.

టైము పక్కన లైవ్ గుర్తు ఉందో లేదో చూడండి. ఉన్నా సరే, మ్యాపులో బస్సు బొమ్మ నొక్కి అది కదులుతోందా అని గమనించండి. నిమిషాలు తగ్గుతూ బొమ్మ మాత్రం కదలకపోతే ఆ టైముని నమ్మకండి. బస్సు ఇంకా బయల్దేరే చోటే ఆగి ఉండొచ్చు, లేదా మీరు చూస్తున్నది పాత సమాచారం కావచ్చు. అలాంటప్పుడు ఆ బస్సు లేదనుకుని, తర్వాతి దానితో లెక్క వేసుకోండి.

పది నిమిషాలకొకటి అన్నారు, 20 నిమిషాలాగితే రెండూ కలిసి వచ్చాయి

ఇందులో డ్రైవర్ల కుట్రేమీ లేదు. ముందు బస్సు కాస్త ఆలస్యమైతే స్టాపుల్లో జనం పోగవుతారు. వాళ్ళు ఎక్కేసరికి అది ఇంకాస్త ఆలస్యమవుతుంది. వెనకదానికి ఎక్కేవాళ్ళు తక్కువ కాబట్టి అది వేగంగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని 1964లోనే లెక్కకట్టి చూపించారు. బస్సులు సమంగా వస్తే పది నిమిషాల రూట్‌లో సగటున 5 నిమిషాలు నిలబడతారు. అవే బస్సులు జంటలుగా వస్తే 10 నిమిషాలు నిలబడాల్సి వస్తుంది. బస్సుల సంఖ్య తగ్గలేదు, మీ ఎదురుచూపు మాత్రం రెట్టింపయింది.

వెనకే రెండోది కనిపిస్తుంటే కిక్కిరిసిన మొదటిదాన్ని వదిలెయ్యండి. అయితే రెండోదాని బోర్డు చదివాకే ఎక్కండి, దాన్ని సగం దారిలో వెనక్కి తిప్పేస్తుండొచ్చు. టైము తప్పకూడని పనికి వెళ్తుంటే ఎడాన్ని పది కాదు, ఇరవైగా వేసుకోండి.

వారానికి ఒకటి రెండుసార్లు ఏకంగా అరగంట లేటు, మిగతా రోజులు బాగానే ఉంది

అసలు చిక్కు ఇదే. దీన్ని ట్రాఫిక్ మీదికో, పొద్దున్న బద్ధకం మీదికో తోసేసి నెలల తరబడి ఇబ్బంది పడతారు. చివరికి "బస్సుతో అయ్యే పని కాదు" అని తేల్చేస్తారు. కారణం చాలాసార్లు బస్సు మారే చోట ఉంటుంది.

ముందు రోగం ఇదేనా అని చూసుకోండి. మొదటి బస్సు ఎక్కిన టైము, దిగిన టైము, రెండోది ఎక్కిన టైము, ఈ మూడూ ఒక వారం రాయండి. ఆలస్యం ఒకరోజు 5, ఒకరోజు 8, ఒకరోజు 12 నిమిషాలు ఉంటే అది ట్రాఫిక్. ఉంటే సున్నా, లేదంటే ఒకేసారి 30 అన్నట్టు దూకుతుంటే అది మారే చోటే పోతోంది. ఇంకో గుర్తు కూడా ఉంది: పొద్దున్న వెళ్ళేటప్పుడే లేటవుతారు, సాయంత్రం అదే దారిన వచ్చేటప్పుడు ఆ లేటు ఉండదు.

ఎందుకో చూడండి. మొదటి బస్సు 8 నిమిషాలకొకటి, రెండోది 30 నిమిషాలకొకటి అనుకుందాం. కాగితం మీద మారడానికి 5 నిమిషాల వ్యవధి ఉంది. మొదటి బస్సు 6 నిమిషాలు లేటైతే రెండోది ఒక్క నిమిషం ముందు వెళ్ళిపోయి ఉంటుంది. మీరింక 29 నిమిషాలు నిలబడాలి. 6 నిమిషాల ఆలస్యం గమ్యం చేరేసరికి 30 అయింది. సాయంత్రం అరగంట బస్సు ముందు, 8 నిమిషాల బస్సు తర్వాత. అందుకే ముందుది లేటైనా పెద్దగా నష్టం రాదు. ఐదు రోజుల్లో ఒకరోజు తప్పినా సగటు 6 నిమిషాలే పెరుగుతుంది కాబట్టి సగటు చూసుకునేవాళ్ళకి ఇది ఎప్పటికీ దొరకదు.

అందరూ వేసే మందు "ఐదు నిమిషాలు ముందు బయల్దేరడం". అది ఇక్కడ పనిచెయ్యకపోవచ్చు. మీరు రోజూ బస్సుకి 2 నిమిషాల ముందు స్టాపుకి చేరుతున్నారనుకోండి. ఐదు నిమిషాలు ముందు వస్తే 7 నిమిషాల ముందు చేరినట్టు. అంతకుముందు బస్సు నిమిషం కిందటే వెళ్ళిపోయింది. మళ్ళీ అదే బస్సు ఎక్కుతారు, స్టాపులో ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ నిలబడటం తప్ప ఒరిగేదేమీ లేదు. జరిపితే ఒక బస్సు మొత్తం జరపాలి. 8 నిమిషాలు ముందు కదిలితే మారే చోట 13 నిమిషాల వ్యవధి వస్తుంది.

అంతకన్నా మంచి మందు రెండో బస్సుని తీసేయడమే. మామూలు నడక నిమిషానికి సుమారు 80 మీటర్లు. రెండో బస్సు వెళ్ళే దూరం 2 కిలోమీటర్లనుకుంటే నడకకి 25 నిమిషాలు పడుతుంది, అది ఇవాళా 25, రేపూ 25. బస్సు తప్పితే 29 నిమిషాల ఎదురుచూపూ, ఆపైన 7 నిమిషాల ప్రయాణమూ కలిపి 36. కాబట్టి ఒక గీత ముందే గీసుకోండి (25లోంచి ఆ 7 తీస్తే 18): దిగేసరికి రెండో బస్సు వెళ్ళిపోయి, తర్వాతి దానికి 18 నిమిషాలకన్నా ఎక్కువుంటే ఇంక స్టాపు వైపు చూడకుండా నడిచెయ్యడమే. స్టాపులో పది నిమిషాలు ఊగిసలాడి అప్పుడు నడక మొదలుపెట్టేవాళ్ళు రెండు వైపులా నష్టపోతారు.

నడవలేనంత దూరమైతే మారే చోటు మార్చండి. యాప్ సాధారణంగా తక్కువ నిమిషాలు పట్టే చోటునే చూపిస్తుంది, అది పెద్ద రోడ్డు దాటాల్సిన కూడలి కావచ్చు. అక్కడ సిగ్నల్ దగ్గరే 2, 3 నిమిషాలు పోతాయి. రెండు రూట్లూ ఒకే స్టాపులో ఆగే చోటు ఉంటే, అది ఒక స్టాపు ముందైనా వెనకైనా, అక్కడ దిగండి. ఇంకొకటి: టైంటేబుల్‌లో అచ్చయిన స్టాపులు కొన్నే ఉంటాయి. ముందుగా వచ్చిన బస్సు టైమయ్యేదాకా ఆగాల్సింది మామూలుగా అక్కడే. మధ్య స్టాపుల టైములు అంచనాలు, అక్కడ బస్సు 2 నిమిషాల ముందే వెళ్ళిపోయినా అడిగే నాథుడుండడు. అందుకని అరగంట బస్సుని అచ్చయిన స్టాపులోనే ఎక్కండి.

కాళ్ళు, భుజం, చెమట

మడమ దగ్గర బూటు కరుస్తుంటే కొత్త జత కొనేముందు లేసు చూడండి. మడమ లోపల పైకీ కిందికీ జారడం వల్లే బొబ్బ లేస్తుంది. పై చివరి రంధ్రం ఖాళీగా ఉంటే దానిలోంచి కూడా లేసు లాగి బిగించండి. వేళ్ళ దగ్గర నొక్కుతుంటే లేసుతో పని కాదు, సైజు చాలలేదు. బూట్లు సాయంత్రం, పాదాలు కాస్త వాచి ఉన్నప్పుడు కొనాలి. నిలబడితే వేళ్ళ ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. నూలు సాక్సు చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది, బొబ్బకి అదీ ఒక కారణం.

ఒక భుజమే లాగుతుంటే ఒంటి పట్టీ బ్యాగు మానెయ్యండి.

చెమట పడుతోందంటే వేగం తగ్గించండి. నిమిషానికి 100 మీటర్ల చొప్పున పరుగులాంటి నడక నడిచినా కిలోమీటరుకి మిగిలేది రెండున్నర నిమిషాలే, దానికోసం చొక్కా తడుపుకోవడం దేనికి?

మిగతావి

స్టాపు తాత్కాలికంగా జరగడం, బస్సు దారిలో మొరాయించడం, డ్రైవరు ఆపకుండా వెళ్ళిపోవడం ఉంటాయి కానీ అరుదు. స్టాపు స్తంభానికి అంటించిన నోటీసు ఒకసారి చదివితే మొదటిది తేలిపోతుంది. ఆపకపోతే తప్పు చాలాసార్లు ఎక్కేవాళ్ళదే: ఫోన్‌లో తల దూర్చి స్తంభం చాటున నిలబడితే డ్రైవరుకి కనపడరు. బస్సు కనిపించగానే ముందుకొచ్చి చెయ్యెత్తండి.