కుర్చీ సంగతి తర్వాత, ముందు పది ముక్కలు కోయండి

వీడియో చూసి నేరుగా డైనింగ్ టేబుల్ మొదలుపెట్టాలనిపిస్తే కాస్త ఆగండి. అప్పుడే టేకు కొనకండి. దగ్గర్లోని కర్రల అడితిలో అడిగితే పనికిరాని ముక్కలు నాలుగు ఇస్తారు, వాటితో చెయ్యి తిప్పుకోండి.

ముందు మూలమట్టాన్ని, అంటే మూల సరిగ్గా తొంభై డిగ్రీలుందో లేదో చూసే L ఆకారపు పనిముట్టును, పరీక్షించండి. తిన్నని అంచున్న చెక్కకు ఆనించి ఒక గీత గీయండి. మూలమట్టాన్ని బోర్లా తిప్పి అదే చోటి నుంచి ఇంకో గీత గీయండి. రెండూ కలిస్తే సరే. పైకి వెళ్లేకొద్దీ విడిపోతుంటే షాపులో మార్చుకోండి.

ఇక కోత. అసలు తంటా ఇక్కడే. రంపం తన మందం మేరకు చెక్కను పొట్టు చేసేస్తుంది. అందుకే కోత కోసం గీసుకున్న గీత మీద కాదు, పారేసే ముక్క వైపు, గీతను ఆనుకుని కోయాలి. మొదటి రెండు మూడు సార్లు రంపాన్ని మెల్లగా మీ వైపు లాగి గాడి పడనివ్వండి. కోత అయ్యాక కూడా గీత కనబడాలి. ఇది తెలియకే నా మొదటి పీటకు ఒక కాలు పొట్టిదైంది, ఇప్పటికీ దాని కింద అట్టముక్క పెడుతున్నాం.

చెక్కను నున్నగా చేయడానికి చిత్రిక పడుతుంటే పెచ్చులుగా లేస్తోందా? నారకు, అంటే చెక్కలోని పోగులు సాగే దిశకు, ఎదురెళ్తున్నారన్నమాట, ముక్కను తిప్పి పెట్టండి. ఉలి పట్టినప్పుడు రెండో చెయ్యి ఎప్పుడూ దాని పదును ముందు ఉండకూడదు.

కోసిన అంచుకు మూలమట్టం ఆనిస్తే సందులోంచి వెలుతురు కనబడకూడదు. వరసగా పది కోతలు అలా వచ్చాక పీట మొదలుపెట్టండి.