తుల్య సంబంధం నిరూపించే ముందు సున్నాను కనిపెట్టి ఉండండి

పరీక్షలో తుల్య సంబంధం (కింది మూడు ధర్మాలూ ఉన్న సంబంధం) లెక్క కనబడగానే చాలామంది కుదుటపడతారు. పరావర్తన (ప్రతిదానికీ తనతో తనకు సంబంధం ఉండాలి), సౌష్ఠవ (క~గ, అంటే ‘క’కు ‘గ’తో సంబంధం ఉంటే, గ~క కావాలి), సంక్రమణ (క~గ, గ~చ అయితే క~చ కావాలి) ధర్మాల పేర్లు వరుసగా రాసేస్తే మార్కులు వచ్చినట్టే అనుకుంటారు. పేపర్లు దిద్దేటప్పుడు నా ఎర్ర పెన్ను ఎక్కువగా కదిలేది ఇక్కడే.

నియమం కంటే ముందు సమితి ఏమిటో చదవండి. ‘రెండు సంఖ్యల లబ్ధం సున్నా కంటే ఎక్కువ’ అన్న నియమం శూన్యేతర పూర్ణాంకాలపై తుల్య సంబంధమే. పూర్ణాంకాలన్నిటిపై కాదు. 0×0 సున్నాయే కనుక పరావర్తనం పోయింది. పోనీ ≥ పెడదామా? అప్పుడు సంక్రమణం పోతుంది: −1కి 0తో, 0కి 1తో సంబంధం కుదురుతుంది, −1కి 1తో కుదరదు.

ఇంకో ఉచ్చు ఉంది. ‘క~గ అయితే సౌష్ఠవం వల్ల గ~క, సంక్రమణం వల్ల క~క, ఇక పరావర్తనం వేరుగా చూపనక్కర్లేదు’ అని తెలివైన పిల్లలే రాస్తారు. ‘క’కు జతగా ఒక ‘గ’ ఉందని ఎవరు చెప్పారు? పై మొదటి నియమంలో సున్నాకు ఎవరితోనూ సంబంధం లేదు. మిగతా రెండు ధర్మాలూ మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

భిన్నాల లెక్కలో మరీ జాగ్రత్త. క/గ భిన్నాన్ని (క, గ) జతగా రాసి, క×జ = గ×చ అయితే (క, గ) ~ (చ, జ) అంటాం. సంక్రమణానికి (చ, జ) ~ (ట, డ), అంటే చ×డ = జ×ట కూడా తీసుకోండి. మొదటిదాన్ని ‘డ’తో గుణిస్తే క×జ×డ = గ×చ×డ = గ×జ×ట. ఇప్పుడు ‘జ’ను కొట్టేసి క×డ = గ×ట అంటారు. కొట్టేసే ముందు ‘జ సున్నా కాదు’ అని రాయాలి. హారంలో సున్నాను రానిస్తే (0, 0) అన్నిటితోనూ చుట్టరికం కలుపుకుంటుంది. అప్పుడు (1, 2), (3, 5) కూడా దాని మీదుగా బంధువులైపోవాలి!

ఉదాహరణలు నిరూపణ కావు. కాదని చూపడానికి మాత్రం ఒక్కటి చాలు.

‘క−గను 5 నిశ్శేషంగా భాగిస్తుంది’ లాంటి లెక్కలో సంక్రమణం చూపేటప్పుడు క−గ, గ−చ అనే రెండు భేదాలకూ ఒకే గుణకం వాడకండి; 5మ, 5న అని వేర్వేరుగా రాయండి. చివర్లో తీరిక దొరికితే తుల్య వర్గాలు (ఒకదానితో ఒకటి సంబంధం ఉన్న సంఖ్యల గుంపులు) రాసి చూసుకోండి. శేషాలు ఐదు, వర్గాలూ ఐదు. −7ను 2 పక్కన పెట్టేస్తుంటారు. దాని చోటు 3 పక్కన.