ముక్కల వలయాలతో చేసే లేత్ పాత్రలు: సమస్య – పరిష్కారం

చెక్క ముక్కలను వలయాలుగా అతికి, ఆ వలయాలను ఒకదానిపై ఒకటి పేర్చి, లేత్ (చెక్కను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద పాత్రలుగా చెక్కేటప్పుడు ఎదురయ్యే ఇబ్బందులివి.

సమస్య: 12 చెక్క ముక్కలను జిగురు పూయకుండా వలయంగా పేర్చి చూస్తే చివరి అతుకు దగ్గర సందు మిగులుతుంది.

కారణం: 12 ముక్కల వలయంలో ఒక్కో ముక్క 30 డిగ్రీల మేర ఉండాలి కాబట్టి దాని రెండు కొనలనూ 15 డిగ్రీల చొప్పున కోయాలి. మొత్తం 24 కోతలు పడతాయి గనుక, ప్రతి కోతలోనూ 0.1 డిగ్రీ తేడా ఒకే వైపుకు వచ్చినా ఆ తేడాలన్నీ కలిసి చివరి అతుకు దగ్గర 2.4 డిగ్రీలుగా తేలతాయి. సందు బయటి అంచున తెరుచుకుంటే కోత కోణం తక్కువైందని, లోపలి అంచున తెరుచుకుంటే ఎక్కువైందని గ్రహించాలి.

పరిష్కారం: రంపం మీది గుర్తులను నమ్మడం కంటే పనికిరాని చెక్కతో ఒక పూర్తి వలయం కోసి చూడటం మేలు. స్టాప్ కట్టెకు (ముక్కలన్నీ ఒకే పొడవు వచ్చేలా చెక్క కొనను ఆనించే అడ్డు), చెక్కకు మధ్య రంపపు పొట్టు ఇరుక్కుంటే ముక్కల పొడవులు మారతాయి కాబట్టి ప్రతి కోతకూ దానిని ఊడ్చాలి. అప్పటికీ మిగిలే స్వల్ప తేడాను అర్ధవలయాల పద్ధతి సరిచేస్తుంది. ఎదురెదురుగా ఉన్న రెండు అతుకులకు జిగురు పూయకుండా, వాటి మధ్య సన్నని పుల్లలు ఉంచి వలయాన్ని బిగించాలి. జిగురు ఆరాక విడివడే రెండు సగాలనూ, వాటి రెండు కొనలూ ఒకేసారి ఆనేలా, చదునైన పలకకు అంటించిన శాండ్‌పేపర్ మీద రుద్ది ఆ తర్వాత కలపాలి. చెక్కపొడిలో జిగురు కలిపి సందును పూడ్చే అలవాటు చాలామందికి ఉంది గానీ, నూనె పట్టించగానే ఆ పూత నల్లని గీతలా బయటపడుతుంది.

సమస్య: లేత్‌పై తిరుగుతుండగా అతుకు విడిపోతుంది.

కారణం: ముక్క కొనల దగ్గర చెక్క నార (పోగులు) తెగి ఉంటుంది కాబట్టి అది జిగురును లోపలికి పీల్చేసుకుంటుంది. టేకు, రోజ్‌వుడ్ వంటి చెక్కల్లోని సహజమైన నూనె కూడా పట్టును తగ్గిస్తుంది.

పరిష్కారం: కొనలకు పలుచగా జిగురు ఒక పూత వేసి, అది ఇంకిన కొద్ది నిమిషాలకు మరో పూత వేసి అతకాలి. నూనె ఉన్న చెక్క కొనలను, గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా, అతికే ముందు అసిటోన్‌తో తుడవాలి. బిగింపు తీశాక కూడా ఒక రోజు ఆగి లేత్‌కు ఎక్కించాలి.

సమస్య: నెలలు గడిచాక అడుగు భాగం పగులుతుంది, లేదా దాని చుట్టూ ఉన్న వలయం విచ్చుకుంటుంది.

కారణం: వలయంలో నార చుట్టూ తిరిగి ఉంటుంది కాబట్టి తేమ మారినా దాని వ్యాసం పెద్దగా మారదు. ఒకే చెక్కతో చేసిన అడుగు మాత్రం నారకు అడ్డంగా వ్యాకోచించి సంకోచిస్తుంది. ఈ రెండింటినీ గట్టిగా అతికితే ఏదో ఒకటి లొంగక తప్పదు.

పరిష్కారం: తేమ 6–8 శాతానికి దిగిన చెక్కనే వాడాలి. అడుగు వ్యాసాన్ని వీలైనంత చిన్నదిగా ఉంచాలి. పెద్ద అడుగు కావలసివస్తే వలయంలో గాడి తీసి, చుట్టూ కొద్దిగా ఖాళీ ఉండేలా, జిగురు లేకుండా అందులో కూర్చోబెట్టాలి.

సమస్య: పడౌక్ (ఎర్రని చెక్క) ఎరుపు పక్కనున్న మేపుల్ (లేత రంగు చెక్క) తెలుపులోకి పాకుతుంది.

కారణం, పరిష్కారం: రుద్దేటప్పుడు రేగే ఎర్రని పొడి లేత చెక్క రంధ్రాల్లో చేరుతుంది. పదునైన ఉలితోనే ఉపరితలాన్ని నునుపు చేసి, రుద్దడం తగ్గించి, పలుచని లక్క పూత వేశాకే చివరి శాండ్‌పేపర్ పట్టాలి. పొడిని తడిగుడ్డతో తుడవకుండా గాలితో ఊదేయాలి.