మన ట్రాక్టరు, మన రెంచి – 5వ పాఠం: ముందు చక్రం బేరింగులు

పోయిన పాఠంలో జాకీ మీద ముందు ఇరుసు లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాం. టకటకలాడిందా? నట్టు బిగించినా రెండు రోజులకే మళ్లీ వదులైందా? అయితే ఇవాళ హబ్బు, అంటే చక్రం నడుమ బేరింగులుండే భాగం, విప్పుదాం.

మన పాత ట్రాక్టర్లలో ఈ బేరింగుల ఉసురు తీసేది దమ్ము, అంటే నీళ్లు నిలిపిన మడిని దున్నడం. అరిగిన ఆయిల్ సీలు (గ్రీజు బయటికి, నీళ్లు లోపలికి పోకుండా ఆపే రింగు) సందులోంచి మడి నీళ్లు లోపలికి పోతాయి. గ్రీజు మజ్జిగ కలిపినట్టు తెల్లబడిందంటే నీళ్లు చేరాయన్నమాటే. బేరింగును డీజిల్‌తో కడిగి ఆరనివ్వండి. కంప్రెసర్ గాలితో గిరగిరా తిప్పకండి. భలే సరదాగా ఉంటుంది గానీ, రోలరు ఊడి ఎగిరితే కన్ను పోతుంది. ఆరాక కప్పు (రోలర్లు దొర్లే బయటి రింగు) లోపల గోరుతో చుట్టూ గీయండి. గోరు తగులుకునే గుంట, పెచ్చు లేచిన చోటు, నీలం తిరిగిన ఉక్కు... ఏది కనిపించినా మార్చాల్సిందే.

కొట్టుకు పాత బేరింగును కూడా పట్టుకెళ్లండి. దాని మీద 30206 అని ఉందనుకోండి. చివరి 06ను 5తో హెచ్చవేస్తే 30: లోపలి రంధ్రం 30 మి.మీ. బయటి వ్యాసం 62. ఎల్ఎం 11949 లాంటివి అంగుళాల లెక్కవి, వాటికి ఈ సూత్రం పనిచేయదు. పాత సరుకును పాలిష్ పట్టి కొత్త డబ్బాలో పెట్టి అమ్మేవాళ్లున్నారు. అందుకే నూనె తుడిచి చూడండి. సన్నటి గీతలు, మూలల్లో తుప్పు చుక్కలు, అలుక్కుపోయిన అంకెలు ఉంటే వెనక్కిచ్చేయండి. ఎస్కేఎఫ్ సరుకైతే, ఫోటోలు పంపి అసలుదో నకిలీదో అడగడానికి ఆ కంపెనీ యాప్ కూడా ఉంది.

కోను (రోలర్లున్న లోపలి భాగం), కప్పు జతగానే మార్చాలి. కప్పు బాగానే ఉంది కదా అని నేనొకసారి కోను ఒక్కటే వేశాను. సీజను దాటకుండానే మోత మొదలైంది, రెండోసారి హబ్బు విప్పాల్సొచ్చింది.

కొత్త కప్పును హబ్బులోకి దించేటప్పుడు ఇత్తడి కడ్డీతో చుట్టూ మార్చి మార్చి కొట్టండి. అడుగు తగలగానే ఖణేల్‌మనే శబ్దం మారి గట్టిగా వినిపిస్తుంది. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచును దానికేసి నొక్కుతూ పోండి. రోలర్ల మధ్యలోంచి అవతలికి గ్రీజు పొడుచుకు రావాలి. పైపైన పూస్తే లాభం లేదు. పాత గ్రీజు మీద కొత్తది కలపొద్దు. సీలు కూడా కొత్తదే వేయండి.

ఇక అసలు పని. చక్రం తిప్పుతూనే క్యాజిల్ నట్టు (తల మీద గాళ్లున్న నట్టు) గట్టిగా బిగించండి. అప్పుడే రోలర్లు తమ చోట కూర్చుంటాయి. తర్వాత నట్టు పూర్తిగా వదులు చేసి, వేళ్లతో ఆనేదాకా తిప్పండి. నట్టు తిరిగిపోకుండా గాడిలోంచి దూర్చే స్ప్లిట్ పిన్ను రంధ్రం ఎదురుగా రాకపోతే దగ్గరలో ఉన్న గాడికి వెనక్కి జరపండి, ముందుకు కాదు. చక్రం పట్టేయకుండా తిరగాలి, ఊపితే ఆట ఉండీ లేనట్టుండాలి. పిన్ను మాత్రం కొత్తది.

అయిదారు కిలోమీటర్లు నడిపి హబ్బు మీద చెయ్యి వేయండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలవకపోతే బిగువెక్కువైంది, నట్టు ఒక గాడి వెనక్కి తిప్పి మళ్లీ చూడండి.

వచ్చే పాఠం: హబ్బులోకి నీళ్లెందుకు పోతున్నాయో, ఆయిల్ సీలు సంగతి.