స్కూటర్ అయినా బైక్ అయినా, స్టార్ట్ చేసేటప్పుడు ఇవి చూసుకోండి

పిల్లాడిని ముందు నిలబెట్టుకుని స్కూటర్ స్టార్ట్ చేసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. గేర్లు లేని స్కూటర్‌లో క్లచ్ మన చేతిలో ఉండదు, ఇంజిన్ వేగం పెరగగానే అదే పట్టేస్తుంది, అందుకే వాడు సరదాగా యాక్సిలరేటర్ తిప్పాడంటే బండి ఎదురుగా ఉన్న గోడ మీదికి దూకుతుంది. ముందు మీరు స్టార్ట్ చేసుకోండి, తర్వాత పిల్లల్ని ఎక్కించుకోండి. దింపేటప్పుడు మాత్రం ఇంజిన్ ఆపాకే.

స్కూటర్‌కి ఎడమచేతి బ్రేకు గట్టిగా పట్టుకుని సెల్ఫ్ నొక్కండి, యాక్సిలరేటర్ జోలికి వెళ్లొద్దు. కిక్ కొట్టాలంటే సెంటర్ స్టాండ్ వేయాల్సిందే. అసలు ప్రమాదం స్టార్ట్ అయ్యాక ఉంటుంది: పాత బండికి చోక్ (చల్లబడ్డ ఇంజిన్ అందుకోవడానికి లాగే మీట) లాగి ఉంటే ఇంజిన్ జోరుగా తిరుగుతుంది, గాల్లో ఉన్న వెనక చక్రం కూడా తిరుగుతూనే ఉంటుంది, ఆ ఊపులోనే స్టాండ్ తీశారంటే చక్రం నేలకు తగలగానే బండి మీ చేతుల్లోంచి జారిపోతుంది. చోక్ తీసి, చప్పుడు తగ్గేదాకా ఆగి, బ్రేకు పట్టుకుని దింపండి.

బైక్‌కి న్యూట్రల్ (ఏ గేరూ పడకుండా ఉండటం) ముఖ్యం. పచ్చ లైటును పూర్తిగా నమ్మొద్దు, బండిని కాస్త ముందుకీ వెనక్కీ కదిపి చూడండి, అయినా క్లచ్ పట్టుకునే స్టార్ట్ చేయండి. కిక్ రాడ్‌ని మెల్లగా తొక్కితే ఒకచోట బిగుస్తుంది, అక్కడి నుంచి పైకి రానిచ్చి, కింది వరకూ ఒకే ఊపులో తొక్కాలి. సగం తొక్కు తొక్కితే అది తిరిగి తంతుంది, పాత బుల్లెట్ తన్నుడు తిన్నవాళ్లను అడగండి చెబుతారు! బాత్రూం చెప్పులతో మాత్రం వద్దు.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 (బండ్ల పొగ మీద ప్రభుత్వం పెట్టిన నిబంధనలు) వచ్చాక ఎక్కువ బండ్లు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి, వాటికి చోక్ ఉండదు. తాళం తిప్పి, పెట్రోల్ పంపు జుయ్‌మనే శబ్దం ఆగాక సెల్ఫ్ నొక్కండి, ఐదు సెకన్లకు మించి వద్దు, అందుకోకపోతే కాసేపు ఆగి మళ్లీ నొక్కండి. సెల్ఫ్ అసలు పలకకపోతే మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే స్విచ్), సైడ్ స్టాండ్ చూసుకోండి (నేను ఒకసారి అరగంట చెమటలు కక్కాక చూసుకున్నాను).

షట్టర్ దించిన గదిలో ఇంజిన్ నడపకండి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాదు. పెట్రోల్ వాసన గుప్పుమంటే ఎక్కడ కారుతోందో చూశాకే తాళం. ఇక వానకు సెల్లార్‌లో మునిగిన బండిని, ఆరినట్టు కనిపించినా స్టార్ట్ చేయొద్దు, సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే లోపల పిస్టన్‌కి ఉండే రాడ్ వంగిపోతుంది. కష్టమైనా తోసుకుంటూ షెడ్డుకి తీసుకెళ్లండి.