రెండు టికెట్ల ప్రయాణంలో మొదటి రైలు ఆలస్యమైతే

ఒడిశాలోని రాయగడ ప్రాంతపు తెలుగువారు సికింద్రాబాదుకో చెన్నైకో వెళ్ళాలంటే చాలాసార్లు విజయనగరంలో రైలు మారవలసి వస్తుంది. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, టికెట్లను ముందే అనుసంధానించుకున్నవారికే రైల్వే నిబంధన అక్కరకు వస్తుంది.

2019 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ సదుపాయం పొందాలంటే రెండు పీఎన్ఆర్‌లలోనూ (టికెట్ బుకింగ్ నంబర్లలోనూ) ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. మొదటి టికెట్ ముగిసే స్టేషనులోనే రెండోది మొదలవ్వాలి. ఇంటిపేరును ఒకచోట పొడి అక్షరంతో, మరోచోట పూర్తిగా రాయించడం మనవాళ్ళకు అలవాటే గాని, ఇక్కడ అది చిక్కులు తెస్తుంది.

బండి తప్పిందని తేలగానే, మొదటి రైలు వాస్తవంగా విజయనగరం చేరిన సమయం నుంచి 3 గంటలలోపు కౌంటర్ టికెట్‌ను అప్పగించాలి. ఈ-టికెట్ అయితే అదే గడువులో ఐఆర్‌సీటీసీలో టీడీఆర్ (సొమ్ము వాపసు కోరే అర్జీ) దాఖలు చేయాలి. అప్పుడు ప్రయాణించని భాగం సొమ్ము, రద్దు రుసుము కోత లేకుండా వాపసు వస్తుంది. రైలు చేరిన సమయం కనిపిస్తున్న ఫోన్ తెరను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవడం మంచిది.

అసలు రాయగడలోనే బండి 3 గంటలకు మించి ఆలస్యమైతే, ఎక్కకుండా, అది బయలుదేరేలోపే టీడీఆర్ వేసి పూర్తి ఛార్జీ కోరవచ్చు.

ఇదంతా టికెట్ సొమ్ము మాటే. హోటల్, టాక్సీ ఖర్చులకు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. రైలు 4 గంటలు ఆలస్యమై విమానం తప్పిన ఒక కేసులో, ఆలస్యానికి సరైన కారణం చూపలేకపోయిన రైల్వే పరిహారం చెల్లించాలన్న ఉత్తర్వును 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది.